రెండో ఫోను నంబరు

తల్లిదండ్రులకు నమస్కారం.

గత సమావేశం రోజు మూడో తరగతి గది బయట ఒక నాన్నగారు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. ఆయన భార్య లోపల టీచరుతో మాట్లాడుతున్నారు. "మీరూ రండి" అని పిలిస్తే, "ఆమె చూసుకుంటుందండీ, నాకేం తెలుస్తుంది?" అన్నారు. ఆయన చేతిలో కొడుకు లెక్కల నోటుపుస్తకం ఉంది. టీచరు తప్పు దిద్దిన ప్రతి పేజీకీ మూల మడిచి పెట్టుకున్నారు.

ఆ మడతలు నాకు చాలాసేపు గుర్తుకొస్తూనే ఉన్నాయి. గదికి వెళ్లి ప్రవేశ దరఖాస్తులు తీసి చూశాను. ఫోను నంబరుకు ఒకటే గడి. అందులో దాదాపు అన్నీ తల్లుల నంబర్లే. పిల్లలకు జ్వరం వస్తే అమ్మకే ఫోను చేస్తాం. సమావేశాలేమో పని రోజుల్లో, పదకొండు గంటలకు! నాన్నలు రారని ఇన్నేళ్లుగా అనుకుంటున్న మేము వాళ్లను సరిగా పిలిచిందే లేదు.

పిలుపు ఎలా ఉండాలో కొన్ని దేశాల చట్టాలు చూపించాయి. స్వీడన్ 1974లోనే ప్రసూతి సెలవును తల్లిదండ్రులిద్దరూ పంచుకునే సెలవుగా మార్చింది. అయినా చాలా ఏళ్లపాటు దాన్ని ఎక్కువగా వాడుకున్నది తల్లులే. నార్వే 1993లో నాలుగు వారాలను తండ్రి పేరనే కేటాయించింది. అప్పటిదాకా సెలవు తీసుకునే తండ్రులు బహు అరుదు. కొన్నేళ్లలోనే అర్హులైన వారిలో అత్యధికులు తీసుకోసాగారు. 1995లో స్వీడన్ కూడా ఒక నెలను అలాగే విడిగా ఉంచింది. పిల్లల పెంపకం ఇద్దరి ఉమ్మడి బాధ్యత అనీ, అందులో ప్రభుత్వాలు వారికి తోడ్పడాలనీ 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 18వ అధికరణం చెబుతోంది.

చట్టాలు మన చేతిలో లేవు, బడి వేళలు ఉన్నాయి. వచ్చే నెల నుంచి ఒక సమావేశం సాయంత్రం పూట పెడతాం. నెలకో శనివారం నాన్నలు తరగతిలో పిల్లలకు కథ చదివి వినిపిస్తారు. చదవడం రాని వారు చెబితే చాలు, పిల్లలకు అదే ఎక్కువ ఇష్టం. పనిచేసే చోట అనుమతి అడగడానికి ఉత్తరం కావాలంటే నేనే సంతకం చేసి ఇస్తాను. నాన్న దగ్గర లేని ఇళ్ల నుంచి తాతయ్య, మామయ్య, అమ్మ, ఎవరొచ్చినా ఆ కుర్చీ వారిదే. ఏ బిడ్డా ఆ రోజు చిన్నబోకూడదు.

ఈ ఉత్తరంతో వచ్చిన కాగితంలో రెండో నంబరు రాసి శుక్రవారంలోగా పంపండి.

పేజీల మూలలు మడిచిన నాన్నగారూ, ఆ పుస్తకం తీసుకుని రండి. మీ అబ్బాయి టీచరు వాటిని మీతో కూర్చుని చూస్తారు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు