నెల్లూరు మిద్దె మీద నుంచి కూడా నెబ్యులా దొరుకుతుంది

సంపాదకులకు నమస్కారం.

మన పేపర్లలో నెబ్యులా (అంతరిక్షంలోని వాయువు, ధూళి మేఘం) ఫోటోనో గెలాక్సీ ఫోటోనో పడిందంటే కింద నాసా పేరు, లేదా హబుల్, జేమ్స్ వెబ్ టెలిస్కోపుల పేరు ఉంటుంది. వాటిని వెయ్యొద్దని అనను, బ్రహ్మాండంగా ఉంటాయి. అయితే అవి చూసే ఇంటర్ పిల్లలకు ఇదంతా లక్షలు పెట్టి టెలిస్కోపు కొనేవాళ్ల పని, ఊరికి దూరంగా కొండలెక్కేవాళ్ల పని అనే అభిప్రాయం పడిపోతోంది. నేను దర్గామిట్టలో ఉంటాను, చుట్టూ మూడంతస్తుల ఇళ్లు, వీధి చివర హైమాస్ట్ దీపం, ఆ వెలుగులోనే కొన్నేళ్లుగా మిద్దె మీద నుంచి ఫోటోలు తీస్తున్నాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను, ఆ అభిప్రాయం తప్పు.

ముందు సామాను సంగతి. పెళ్లి ఫోటోలు తీసేవాళ్లు చాలామంది మిర్రర్‌లెస్ కెమెరాలకు మారిపోయి పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లు అమ్మేస్తున్నారు. అలాంటిది ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని, దానికి ఒక 55-250 ఎంఎం జూమ్ లెన్సు, కదలని ట్రైపాడ్, బటన్ చేత్తో నొక్కే పని లేకుండా టైమర్ రిమోట్ ఉంటే చాలు. భూమి తిరుగుతుంది కాబట్టి షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచితే చుక్కలు గీతలవుతాయి. ఎంతసేపు తెరవొచ్చో తెలియాలంటే 500ని లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో (లెన్సు మీద ఎంఎంలలో రాసి ఉండే అంకె) భాగించి, మామూలు డీఎస్‌ఎల్‌ఆర్‌లలో సెన్సర్ చిన్నది కాబట్టి వచ్చినదాన్ని మళ్లీ 1.5తోనో 1.6తోనో భాగించాలి. 50 ఎంఎంకు సుమారు 6 సెకన్లు, 200 ఎంఎంకు ఒకటిన్నర సెకను వస్తుంది. ఒకటిన్నర సెకనులో ఏం పడుతుందండీ అని అందరూ అడుగుతారు. ఒక్క ఫోటోలో దాదాపు ఏమీ పడదు. కెమెరా వెనక స్క్రీన్ మీద పసుపూ బూడిదా కలిసిన మసక, అందులో కొన్ని చుక్కలు, మృగశిర దగ్గర వరుసగా ఉండే మూడు నక్షత్రాల కింద ఒక చిన్న మరక (అదే ఒరయన్ నెబ్యులా), అంతే కనిపిస్తుంది.

అలాంటివి వందల్లో తీసి కలపడంలోనే ఉంది పనంతా. డీప్‌స్కైస్టాకర్, సిరిల్ అని రెండు సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, రెండూ ఉచితమే. చుక్కల ఆనవాలు పట్టి ఫ్రేములన్నీ, అంటే ఆ విడి ఫోటోలన్నీ, ఒకదాని మీద ఒకటి సర్ది సగటు తీస్తాయి. నెబ్యులా వెలుగు ప్రతి ఫ్రేములోనూ ఒకే చోట ఉంటుంది, నాయిస్ (ఫోటో మీద ఇసుక చల్లినట్టు కనిపించే గరుకు) మాత్రం ఒక్కో ఫ్రేములో ఒక్కోలా ఉంటుంది, అందువల్ల 100 ఫ్రేములు కలిపితే నాయిస్ పదో వంతుకు, 400 కలిపితే ఇరవయ్యో వంతుకు పడిపోతుంది. ఊరి వెలుగు ఎక్కడికీ పోదు, అదీ ఫోటోలో ఉంటుంది, కాకపోతే ఆకాశమంతా ఒక పొరలా పరుచుకుని ఉంటుంది కాబట్టి ఆ పొరను కంప్యూటర్లో తీసేయొచ్చు. పొర పోయినా అది తెచ్చిన నాయిస్ మిగులుతుంది, దానికి మందు ఇంకా ఎక్కువ ఫ్రేములే. చీకట్లో అరగంటలో అయ్యే పనికి ఊళ్లో కొన్ని రాత్రులు పడుతుంది, అంతే తేడా.

ఇక ఆ కలిపిన ఫోటోలో లెవెల్స్ (వెలుగునీడలు సర్దే మీటలు) మెల్లగా జరుపుతుంటే ముందు నడుమ తెల్లటి ముద్ద కనిపిస్తుంది, తర్వాత దానికి రెండు పక్కలా రెక్కలు విప్పుకుంటాయి, అంచుల్లో గులాబీ రంగు తేలుతుంది. ఆ గులాబీ హైడ్రోజన్‌ది. ఒరయన్ నెబ్యులా మనకు 1,300 పైచిలుకు కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, అంటే పల్లవులూ చాళుక్యులూ కొట్టుకుంటున్న కాలంలో బయలుదేరిన వెలుగు ఇప్పుడు మన మిద్దె మీద దిగుతోంది. అక్కడ ఇప్పటికీ కొత్త నక్షత్రాలు పుడుతూనే ఉన్నాయి. దీన్ని మొదటిసారి సొంత కెమెరాలో చూసినప్పుడు కలిగే ఆనందం హబుల్ ఫోటో ఎన్నిసార్లు చూసినా రాదు.

మన ఊరికి కొన్ని ఇబ్బందులు ఉన్నాయి. ఈశాన్య రుతుపవనాల వల్ల డిసెంబరు దాకా మబ్బులు వదలవు, సంక్రాంతి దాటాకే ఆకాశం తేటపడుతుంది. సముద్రపు తేమకు అర్ధరాత్రికల్లా లెన్సు మీద మంచు పట్టేస్తుంది, మధ్యమధ్యలో హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చటి గాలి కొట్టాలి. ఎండాకాలం సెన్సర్ వేడెక్కి నాయిస్ పెరుగుతుంది, అందుకని లెన్సుకు మూత పెట్టి అంతే సమయం డార్క్ ఫ్రేములు (వెలుగు పడని ఫోటోలు) తీసి పెట్టుకోవాలి, వాటిని చూసి సాఫ్ట్‌వేర్ ఆ వేడి నాయిస్‌ను కొంత తీసేస్తుంది. కానీ ఒక్క విషయంలో మనం అదృష్టవంతులం. ఒమేగా సెంటారీ అనే మహా నక్షత్రగుచ్ఛం, దాదాపు కోటి నక్షత్రాలు ఉన్నది, మే నెల మధ్యలో రాత్రి 10 గంటల ప్రాంతంలో మనకు దక్షిణాన దిక్చక్రం మీద 28 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. లండన్‌లో ఎంత ఖరీదైన టెలిస్కోపు ఉన్నవాడికైనా అది అసలు ఉదయించదు. మన మిద్దె మీద మామూలు జూమ్ లెన్సుకు దొరుకుతుంది.

ఉదయగిరి, సీతారామపురం వైపు వెళ్తే ఇంకా బాగా వస్తాయి కదా అంటారు. వస్తాయి, ఎవరు కాదన్నారు. కానీ పొద్దున్నే డ్యూటీకి పోవాల్సినవాడు రాత్రంతా అక్కడ ఎలా ఉంటాడు? పదో తరగతి చదివే ఆడపిల్లను కెమెరా ఇచ్చి వెలిగొండల కిందకు అర్ధరాత్రి ఎవరు పంపిస్తారు? ఆ పిల్లకు ఉన్నది మిద్దే. అందుకే నాకు ఊరి ఆకాశం ముఖ్యం. శ్రీహరికోటలో రాకెట్ లేచినప్పుడు నెల్లూరంతా మిద్దెల మీదే ఉంటుంది, 2015లో ఆస్ట్రోశాట్ అనే అంతరిక్ష టెలిస్కోపు వెళ్లింది కూడా అక్కడి నుంచే. మనకు ఆసక్తి లేదనడానికి వీల్లేదు.

ఆ ఆకాశాన్ని మనం అనవసరంగా పాడు చేసుకుంటున్నాం, నా బాధ అది. పాత సోడియం దీపాల వెలుగు ఎక్కువగా పసుపు రంగు దగ్గరే ఉండేది, ఫిల్టరు పెడితే చాలావరకు ఆగేది. తెల్లటి ఎల్‌ఈడీ వెలుగు అన్ని రంగుల్లోనూ పరుచుకుని ఉంటుంది, పైగా అందులోని నీలం గాలిలో ఎక్కువ చెదురుతుంది. వీధి దీపాలు తీసెయ్యమని నేను అడగడం లేదు, వాటి తల వంచమంటున్నాను. చదును అద్దంతో నేలకు సమాంతరంగా బిగిస్తే వెలుగంతా రోడ్డు మీదే పడుతుంది, ఎదురుగా వచ్చే బండివాడి కళ్లలో కొట్టదు, పైకి పోయే కరెంటు మిగులుతుంది. కొత్తవి వేసేటప్పుడు 3,000 కెల్విన్ (వెలుగు రంగుకు కొలత, అంకె తగ్గేకొద్దీ పసుపు పెరుగుతుంది), అంతకు తక్కువ ఉన్న లేత పసుపు రకం తీసుకుంటే ఇంకా మంచిది. కింది నుంచి పైకి వెలుగు కొట్టే హోర్డింగులకు, కళ్యాణ మండపాల బీమ్ లైట్లకు రాత్రి 11 తర్వాత పనేముంది? సముద్రపు ఒడ్డున అయితే ఇది నా ఫోటోలను మించిన విషయం. మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి, పిల్లలు వెలుగు ఎక్కువగా ఉన్న వైపే సముద్రం అనుకుని నడుస్తాయి, ఒడ్డు మీద దీపాలుంటే ఊరి వైపు వచ్చి చచ్చిపోతాయి.

హైదరాబాద్‌లో నిజామియా అబ్జర్వేటరీ బేగంపేటలో ఉండేది. 1968లో 48 అంగుళాల టెలిస్కోపును ఊరికి దూరంగా జపాల్-రంగాపూర్‌లో పెట్టారు, తర్వాత ఊరి వెలుగు అక్కడికీ వెళ్లింది. లద్దాఖ్‌లోని హాన్లేను 2022లో డార్క్ స్కై రిజర్వుగా (రాత్రి చీకటిని కాపాడే ప్రాంతంగా) ప్రకటించి అక్కడ దీపాలకు తొడుగులు, కిటికీలకు తెరలు పెట్టించారు. మనకు అంత కూడా అక్కర్లేదు, దీపాలు సరిగ్గా బిగిస్తే చాలు.

మీరు రోజూ పంచాంగం వేస్తారు. అమావాస్యకు అటూ ఇటూ ఉండే వారంలో జిల్లా పేజీలో ఒక చిన్న బాక్సు కట్టి, ఆ రాత్రుల్లో ఏ దిక్కున ఏది కనిపిస్తుందో, ఎన్ని గంటలకు చూడాలో రాయండి. పక్కనే మన జిల్లా పిల్లలు ఎవరైనా తీసిన ఫోటో ఒకటి వేసి, దాని కింద ఏ కెమెరా, ఎన్ని ఫ్రేములు, ఏ వీధిలో మిద్దె మీద నుంచి తీశారో కూడా అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
దర్గామిట్ట, నెల్లూరు