పాస్‌బుక్కులు ఊరూపేరూ లేని సైట్లలో పెట్టించకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

కంప్యూటర్‌కు పనికొచ్చే ఉచిత యాప్‌ల మీద పోయిన వారం మీ జిల్లా పేజీలో వేసిన వ్యాసానికి ఇప్పటిదాకా సవరణ రాలేదు. అందుకే రాస్తున్నాను.

అందులో మొదటి సలహాయే రిజిస్ట్రీ క్లీనర్ వేసుకోమని. రిజిస్ట్రీ అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు. అందులో పాత ఎంట్రీలు తీసేస్తే వేగం పెరగదు. తీయకూడనిది పోతే మాత్రం ప్రింటరో, టాలీయో మొరాయిస్తుంది. అలాంటి క్లీనర్లలో అంత పేరున్న సీక్లీనర్‌లోనే 2017లో హ్యాకర్లు వైరస్ కలిపితే, కంపెనీ సొంత సర్వర్ నుంచే ఇరవై లక్షలకు పైగా కంప్యూటర్లకు చేరింది. చెత్త తీయడానికి విండోస్‌లోనే దారి ఉంది: సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్. అక్కడ డౌన్‌లోడ్స్‌కు టిక్ పెట్టకుండా మిగతావి తీసేయాలి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే వచ్చే టాస్క్ మేనేజర్‌లో, స్టార్టప్ కింద అక్కర్లేనివి డిజేబుల్ చేయాలి.

అయినా స్లోగానే ఉంటే చూడాల్సింది హార్డ్‌డిస్క్‌ను. డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో యాప్ ఉచితం. తెరవగానే పసుపు రంగులో కాషన్ అని కనిపిస్తే కింద సీ5 వరుస చూడండి. ఆ వరుస చివర ‘రా వాల్యూస్’ కింద సున్నా కాక మరేదైనా ఉందంటే డిస్క్ కొన్నిచోట్ల చదవలేకపోతోందని అర్థం. ముందు డేటా బయటికి కాపీ చేసుకోవాలి. డిస్క్‌లో ఫైళ్లను సర్దే డీఫ్రాగ్ జోలికి పోకూడదు. ఇవేవీ చూడకుండా ‘ఫార్మాట్ కొడదాం’ అనడం మన దగ్గర అలవాటైపోయింది. పైసలూ పోతాయి, కొన్నాళ్లకు మళ్లీ అదే హ్యాంగ్.

అన్నింటికన్నా బాధ కలిగించింది పీడీఎఫ్ సైజు సంగతి. ‘ఏదైనా ఆన్‌లైన్ సైట్‌లో అప్‌లోడ్ చేసి తగ్గించుకోండి’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నల్లగొండలోనైనా, పాలమూరులోనైనా జనం సైజు తగ్గించే కాగితాలు ఏవి? ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం, పట్టాదారు పాస్‌బుక్, టెన్త్ మెమో. ఎక్కడుందో తెలియని సర్వర్‌కు వీటిని పంపమని పత్రికే చెప్పాలా?

స్కాన్ చేసేటప్పుడే సైజు అదుపులో పెట్టొచ్చు. నాప్స్2 అనే ఉచిత స్కానింగ్ యాప్ దాదాపు ఏ స్కానర్‌తోనైనా పనిచేస్తుంది. ఏ4 కాగితం 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, దాదాపు 87 లక్షల చుక్కలవుతుంది. 150 పెడితే అందులో నాలుగో వంతే. రంగు అవసరం లేని కాగితానికి గ్రేస్కేల్ చాలు, ముద్రా, సంతకమూ చక్కగానే కనిపిస్తాయి. ఇంకా తగ్గాలంటే ప్రొఫైల్‌లో అడ్వాన్స్‌డ్‌కు వెళ్లి ఇమేజ్ క్వాలిటీ దించాలి. పాస్‌పోర్ట్ ఫొటోకు మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్ వేసుకుంటే, ఫొటో మీద రైట్‌క్లిక్ చేసి సైజు మార్చుకోవచ్చు. ఈ పనులకు నెట్ కూడా అక్కర్లేదు, కాగితం గది దాటి పోదు.

ఈ మాత్రం పని మీసేవ కేంద్రాల్లో, తహసీల్దార్ కార్యాలయాల్లో ఎవరూ ఎందుకు నేర్పరు? ఆపరేటర్లను కూర్చోబెట్టి ఒక్క పూట శిక్షణ ఇస్తే సరిపోతుంది. ‘ఫైలు దొరకట్లేదు, రేపు రండి’ అని రైతును తిప్పి పంపే కార్యాలయాల్లో ఎవ్రీథింగ్ అనే యాప్ ఉంటే, పేరులో మూడక్షరాలు కొట్టగానే ఫైలు ముందుంటుంది. మామూలుగా అది వెతికేది ఫైలు పేరును, లోపలి రాతను కాదు. ‘న్యూ డాక్యుమెంట్ 3’ అని పేర్లు పెట్టుకుంటూ పోతే అదీ ఏమీ చేయలేదు. ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌ను ఎవ్రీథింగ్‌లో ఫోల్డర్‌గా విడిగా చేర్చుకోవాలి. కొనడానికి డబ్బు లేదంటూ క్రాక్ చేసిన ఆఫీస్ సాఫ్ట్‌వేర్ వాడుతున్న చోట్ల లిబ్రేఆఫీస్ పెట్టుకోవచ్చు, దానికి రూపాయి ఖర్చు లేదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంకా దానితోనే నడిచే ఆఫీసు కంప్యూటర్లలో జనం భూముల వివరాలు ఉన్నాయన్న పట్టింపు పై అధికారుల్లో కనబడదు. సర్కారు బడుల్లో ల్యాబ్‌లకు తాళాలు పడితే అడిగే నాథుడు లేడు.

దయచేసి సవరణ వేయండి. ప్రతి యాప్ పక్కన దాని సొంత సైట్ చిరునామా అచ్చువేయండి. గూగుల్‌లో పేరు కొడితే పైన వచ్చేవి చాలాసార్లు ప్రకటనలే, అసలు సైట్ కిందెక్కడో ఉంటుంది. ఉదాహరణకు, జిప్ ఫైళ్లు విప్పే ఉచిత యాప్ సెవెన్ జిప్ చిరునామాలో అంకెకూ జిప్‌కూ మధ్య గీత ఉంటుంది, చివర డాట్ ఓఆర్‌జీ. డాట్ కామ్ అని మాత్రం వేయకండి.

— ఒక కంప్యూటర్ మెకానిక్, రామగిరి, నల్లగొండ