సముద్ర కయాకింగ్ అందరికీ క్షేమమని ఎలా రాశారు?

సంపాదకుడు గారికి,

అయ్యా,

నీటి క్రీడల మీద ఇటీవల మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివి, ఎవరో ఒకరు ఖండిస్తూ రాస్తారని కొన్ని రోజులు ఎదురుచూశాను. ఎవరూ రాయలేదు కనుక నేను రాయవలసి వచ్చింది. రాళ్ల మధ్య నురగలు కక్కుతూ దూకే నదిలో కయాక్ (రెండు వైపులా రెక్కలున్న తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవ) నడపడం సాహసికులకే తగిన పని అనీ, సముద్రంలో ఒడ్డు వెంబడి తెడ్డు వేయడం మాత్రం పిల్లాపాపలతో కుటుంబమంతా నిశ్చింతగా చేయదగిన విహారమనీ ఆ వ్యాసం తేల్చేసింది. రెండు చోట్లా ఏళ్ల తరబడి తెడ్డు వేసి, కొత్తవారికి నేర్పుతూ వస్తున్న నాకు ఇది మనుషుల ప్రాణాల మీదికి తెచ్చే రాత అనిపించింది.

నదిలోని ప్రమాదాన్ని తక్కువ చేయాలని నాకు లేదు. ప్రవాహ వేగం రెట్టింపైతే అది మనిషిని నెట్టే బలం నాలుగు రెట్లవుతుంది. తొడల లోతు నీటిలో నిలబడబోయిన మనిషి పాదం రెండు రాళ్ల సందున ఇరుక్కుంటే, వెనక నుంచి వచ్చే నీరు అతన్ని ముందుకు పడదోసి, ముఖాన్ని నీటిలోనే అదిమి ఉంచుతుంది. ఒడ్డున ఉన్నవారికి అతని వీపు కనిపిస్తూనే ఉంటుంది గానీ చేయి అందదు. అడ్డంగా కూలిన చెట్టు కొమ్మల్లోంచి నీరు సాగిపోతుంది, మనిషి మాత్రం చిక్కుకుపోతాడు. అక్కడ ప్రాణం దక్కడమైనా పోవడమైనా నిమిషాల్లో తేలిపోతుంది కాబట్టి, కాపాడవలసినవారు తాడు చేతపట్టుకుని ముందే దిగువన నిలబడి ఉండాలి. అయితే నది కొంత వ్యవధి ఇస్తుంది. ప్రవాహాల కష్టాన్ని ఒకటి నుంచి ఆరు తరగతులుగా చెప్పే అంతర్జాతీయ కొలమానం ఉంది. ఉరవడి ఎక్కడ మొదలవుతుందో తెలిసిన చోట ముందే ఆగి, ఒడ్డున నడిచి చూసి, మనవల్ల కాదనుకుంటే పడవను భుజాన వేసుకుని దాటిపోవచ్చు.

సముద్రంలో ఆ వీలు లేదు. గాలి నేల మీది నుంచి సముద్రం వైపు వీస్తున్నప్పుడు, గట్టు చాటున ఉన్నందువల్ల ఒడ్డు దగ్గరి నీరు నిశ్చలంగా కనిపిస్తుంది. ఆ నిశ్చలత్వాన్ని చూసే కొత్తవారు బయలుదేరుతారు. లోపలికి పోయేకొద్దీ గాలి బలపడుతుంది, వెనక్కి తిరిగేసరికి ప్రతి తెడ్డుకూ గాలితో పోరాడవలసి వస్తుంది. ఆటుపోట్ల వల్ల పుట్టే ప్రవాహానికి గాలి ఎదురైతే, గంట క్రితం మామూలుగా ఉన్న అలలే నిటారుగా లేచి విరుగుతాయి. పదిహేను డిగ్రీల సెల్సియస్ కంటే చల్లని నీటిలో హఠాత్తుగా పడినవాడికి మొదటి క్షణాల్లో ఊపిరి తన అదుపులో ఉండదు. మరికొన్ని నిమిషాలకు వేళ్లు మొద్దుబారి, జాకెట్ పట్టీ బిగించుకోవడానికి కూడా పనికిరావు. అప్పటికి ఒడ్డు కళ్ల ముందే ఉండవచ్చు, అయినా చేరుకోలేరు.

ఇది నా ఊహ కాదు. 1993 మార్చి 22న ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని లైమ్ బేలో కయాకింగ్‌కు వెళ్లిన పాఠశాల విద్యార్థుల్లో నలుగురు చనిపోయారు. అక్కడ జలపాతం లేదు, బండరాళ్లు లేవు. గాలి వారిని తీరానికి దూరంగా తోసుకుపోయింది, పడవల్లోకి నీళ్లు చేరి మునిగిపోయాయి, సమయానికి తిరిగి రాలేదని గమనించవలసినవారు గంటల తరబడి ఆలస్యంగా సమాచారమిచ్చారు. ఆ శిక్షణ కేంద్రంలో అంతకుముందు పనిచేసినవారు భద్రత సరిగా లేదని యాజమాన్యాన్ని లిఖితపూర్వకంగా హెచ్చరించి ఉన్నారు కూడా. మరుసటి ఏడాది న్యాయస్థానం ఆ సంస్థనూ దాని నిర్వాహకుణ్ణీ దోషులుగా తేల్చింది. 1995లో బ్రిటన్ పార్లమెంటు పిల్లల సాహస కేంద్రాలకు లైసెన్సులు తప్పనిసరి చేసే చట్టం తెచ్చింది. మీ వ్యాసకర్త ఈ ఒక్క ఘటన గురించి చదివి ఉన్నా సముద్రంలో నిశ్చింతగా తెడ్డు వేయవచ్చని రాసి ఉండేవారు కాదు.

ఆ వ్యాసంలో అసలే కనిపించని ముఖ్య విషయం మరొకటి ఉంది. ఒక చోట ప్రాణం కాపాడే అలవాటు రెండోచోట ప్రాణం తీస్తుంది. సముద్రంలో పడవ బోల్తాపడితే దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ వదలకూడదని నేర్పుతాం, ఎందుకంటే దూరం నుంచి కనిపించేది అదే, తేలడానికి ఆధారమూ అదే. నదిలో అదే పడవ చెట్టు వైపు కొట్టుకుపోతుంటే వెంటనే వదిలేయాలి, పొరపాటున కూడా దానికీ రాయికీ మధ్య ఉండకూడదు. గాలికి తెడ్డు పోకుండా సముద్రంలో తాడుతో కట్టుకుంటాం. ఉరవడిలో ఒంటి మీద వేలాడే ఏ తాడైనా కొమ్మకో రాతికో తగులుకుంటుంది. కాబట్టి ఒకచోట ఆరితేరినవాడు రెండోచోట కొత్తవాడే.

అధికారుల తీరు ఇంతకంటే మెరుగ్గా లేదు. లైఫ్ జాకెట్లు ఎన్ని ఉన్నాయి, పడవలకు రంగు బాగుందా, రుసుము కట్టారా అని చూసి, నదికీ సముద్రానికీ ఒకే పత్రం మీద సంతకం చేసి పోతున్నారు. నడిపించేవాడు గాలి సూచన చదవగలడా, చిన్న ఆనకట్ట కింద మనిషిని వెనక్కి లాగి అక్కడే తిప్పే నీటిని గుర్తుపట్టగలడా అని అడిగే అధికారిని నేను ఇంతవరకు చూడలేదు. 2021 అక్టోబరు చివర వేల్స్‌లోని హావర్‌ఫర్డ్‌వెస్ట్‌లో, ఉప్పొంగిన నదిలో నిలబడి తెడ్డు వేసే పలకల మీద వెళ్లిన బృందం అలాంటి ఆనకట్ట మీది నుంచి పడి నలుగురు మరణించారు. ఊరి మధ్యగా పారే నది అది. ప్రాణాలు పోయాక విచారణలు, నివేదికలు వస్తాయి. ముందు అడగవలసిన నాలుగు ప్రశ్నలు అడగడానికి మాత్రం ఎవరికీ తీరిక ఉండదు. పత్రికలూ అంతే. ఒకప్పుడు ఇలాంటి వ్యాసం వేసేముందు ఆ పని తెలిసినవారికి ఒకసారి చూపించేవారు.

ఏది ఎక్కువ ప్రమాదమని అడిగితే నా సమాధానం ఇదే: తగిన తోడు లేకుండా దిగినవాడికి నది, వాతావరణం చూడకుండా బయలుదేరినవాడికి సముద్రం. ఆ వ్యాసంలోని తప్పును అదే పేజీలో, అదే పరిమాణపు అక్షరాల్లో సవరించాలని కోరుతున్నాను. గాలి తీరం నుంచి సముద్రం వైపు వీచే రోజున నీరు ఎంత ప్రశాంతంగా ఉన్నా కొత్తవారు కయాక్ దించకూడదన్న ఒక్క వాక్యమైనా అందులో ఉండాలి.

ఇట్లు,
కయాకింగ్ నేర్పే ఒక పాఠకుడు