రాడ్ సెర్లింగ్ జనాదరణకు అసలు కారణం

సంపాదకులకు నమస్కారం.

అమెరికన్ టెలివిజన్ రచయిత, నిర్మాత రాడ్ సెర్లింగ్ గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ‘ది ట్విలైట్ జోన్’ ఎపిసోడ్ల మొదట్లో నల్ల సూటుతో తెర మీదకు వచ్చి, గంభీరమైన గొంతుతో కథను పరిచయం చేయడం వల్లనే ఆయనకు అంతటి పేరు వచ్చిందన్న వ్యాసకర్త అభిప్రాయంతో నేను ఏకీభవించలేను.

ఆ ధారావాహిక మొదలైన 1959 నాటికే ఆయన పేరు మోగిపోయి ఉంది. 1955 జనవరిలో ప్రత్యక్ష ప్రసారమైన ఆయన నాటకం ‘ప్యాటర్న్స్’ ఎంతగా ఆకట్టుకుందంటే, నెల తిరక్కుండానే దాన్ని మళ్లీ ప్రత్యక్షంగా ఆడించవలసి వచ్చింది. అంత పేరున్న రచయితకు కూడా తన స్క్రిప్టు మీద హక్కు లేకపోయింది. అమెరికా దక్షిణాది రాష్ట్రమైన మిసిసిపీలో ఎమెట్ టిల్ అనే పద్నాలుగేళ్ల నల్లజాతి బాలుణ్ని చంపినవారిని జ్యూరీ నిర్దోషులుగా వదిలేసిన తీరు చూసి చలించి ఆయన ‘నూన్ ఆన్ డూమ్స్‌డే’ రాస్తే, ప్రకటనదారుల భయంతో కథ జరిగే ఊరిని దక్షిణాది నుంచి ఈశాన్య ప్రాంతమైన న్యూ ఇంగ్లండ్‌కు మార్పించారు. దక్షిణాదిని గుర్తు చేస్తాయేమోనని కోకాకోలా సీసాలను సైతం తీసేయించారు. పట్టు వదలకుండా 1958లో అదే విషయాన్ని మరో నాటకంగా మలిచినప్పుడు, దాన్ని పంతొమ్మిదో శతాబ్దపు కథగా మార్చక తప్పలేదు.

ఆయన నిర్మాత కావడాన్ని ఈ నేపథ్యంలోనే చూడాలి. సొంత సంస్థ ద్వారా ‘ది ట్విలైట్ జోన్’ను నిర్మిస్తూ, మొత్తం 156 ఎపిసోడ్లలో 92 తానే రాశారు. ఒక వీధిలో కరెంటు పోగానే ఇరుగుపొరుగువారు ఒకరినొకరు అనుమానించుకుని చివరికి ప్రాణాలు తీసుకునే దాకా వెళ్లిన కథను గ్రహాంతరవాసుల ముసుగులో చెప్పినప్పుడు, అడ్డుపడినవారు లేరు. పైగా మొదటి సీజనులో కథ ఆరంభంలో ఆయన గొంతు వినిపించేదే తప్ప మనిషి కనిపించేవారు కాదు. ఆ సీజను రచనకే 1960లో అమెరికన్ టెలివిజన్ రంగంలో ఇచ్చే ఎమ్మీ పురస్కారం లభించింది.

ఇక వ్యాసంలో ఒక్క వాక్యంతో సరిపెట్టిన ‘నైట్ గ్యాలరీ’ విషయానికి వస్తే, నా వాదనకు అంతకన్నా బలమైన సాక్ష్యం మరొకటి లేదు. 1970లో ధారావాహికగా మొదలైన ఆ కార్యక్రమంలో ప్రతివారం కథను పరిచయం చేసింది ఆయనే, చాలా కథలు రాసిందీ ఆయనే. కాని నిర్మాణ బాధ్యత వేరొకరిది కావడంతో ఆయన స్క్రిప్టులు కొన్ని తిరస్కరణకు గురయ్యాయి, తన మాట చెల్లడం లేదని ఆయన బాహాటంగానే వాపోయారు. మూడు సీజన్లకే అది ఆగిపోయింది. ముఖం అదే, గొంతు అదే. నిర్మాతగా ఉన్న అధికారం మాత్రం లేదు.

ఈ వ్యాసానికి కొనసాగింపు ఉంటే, సెర్లింగ్ రచయితగా, నిర్మాతగా ప్రకటనదారులతో సాగించిన పోరాటానికి అందులో తగిన చోటు కల్పించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు