2024–25 వార్షిక నివేదిక: మన ఇళ్ల పిల్లలు, దేశం దాటే దారులు

సర్వసభ్య సమావేశానికి వచ్చిన సభ్యులకు, రాలేక ఇంటి దగ్గర చదువుకుంటున్న సభ్యులకు కార్యదర్శి నమస్కారం.

మన సంఘం పెట్టుకున్నది పెద్దవాళ్ల పనుల కోసం. అమెరికాలో ఉన్న కొడుకు నుంచి పవర్ ఆఫ్ అటార్నీ ఎట్లా తెప్పించుకోవాలి, దుబాయ్‌లో చనిపోయిన మనిషిని శంషాబాద్ నుంచి ఊరికి ఎట్లా తెచ్చుకోవాలి, పెన్షన్‌కు లైఫ్ సర్టిఫికెట్ ఎక్కడ ఇవ్వాలి, ఇన్నేళ్లూ మన మాటలు ఇవే. నిరుటి సర్వసభ్య సమావేశంలో కాజీపేట సభ్యురాలు ఒకరు లేచి, "పెద్దల పనులు చూస్తున్నరు సరే, మా ఇంట్ల చిన్నపిల్ల సంగతి ఎవరు చూస్తరు?" అని అడిగారు. ఈ ఏడాది మన పనిలో సగం ఆ ప్రశ్న వెంటే నడిచింది. నివేదిక కూడా అందుకే దాని చుట్టూ తిరుగుతుంది.

మామూలు పనుల సంగతి రెండు మాటల్లో చెప్తాను. కార్యవర్గం నెలనెలా కూర్చుంది. సెప్టెంబర్ మొదటి వారంలో మాత్రం కూర్చోలేదు. కేసముద్రం దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఆగిన రోజులవి, మానుకోట వైపు సభ్యులు రాలేకపోయారు. జమాఖర్చుల పత్రం విడిగా పంచాం, ప్రశ్నలుంటే కోశాధికారిని అడగండి. సభ్యత్వ రుసుము బాకీ ఉన్నవాళ్ల పేర్లు చదవొద్దని తీర్మానించుకున్నాం కాబట్టి చదవడం లేదు. వాళ్లకు తెలుసు.

స్టాంపు పేపరు కథ

ఆ సభ్యురాలి ఇంటి విషయం, ఆమె అనుమతితోనే, పేర్లు లేకుండా చెప్తున్నాను. ఆమె కూతురు, అల్లుడు టెక్సాస్‌లో ఉంటారు, ఇద్దరూ అమెరికా పౌరులే. వాళ్లకు ఒక ఆడపిల్ల. ఇక్కడ కొడుక్కు ముగ్గురు ఆడపిల్లలు. చిన్నదాన్ని మేనత్త దత్తత తీసుకుంటే అమెరికాలో చదువుకుంటుందని ఇంట్లో అందరూ కూర్చొని మాట్లాడుకున్నారు. మంచి రోజు చూసి అయ్యగారిని పిలిచి హోమం చేయించారు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాయించి నోటరీ చేయించారు. ఆ కాగితం నా ముందు టేబుల్ మీద పెట్టినప్పుడు ఒక మూలకు పసుపు అంటి ఉంది. "ఇగ పాస్‌పోర్టుకు పెట్టుడే కదా సారూ?" అన్నారు.

కాగితం చదివిన న్యాయవాది సభ్యుడు తల పట్టుకున్నారు. 1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారం, ఇంట్లో కూతురు ఉండగా ఇంకో ఆడపిల్లను దత్తత తీసుకోవడానికి లేదు. అంటే ఆ హోమం మన చట్టం ముందే నిలవదు. ఇక అమెరికా సంగతి. పిల్లల అంతర్దేశ దత్తత మీద 1993లో హేగ్‌లో ఒప్పందం కుదిరింది. మన దేశంలో అది 2003 అక్టోబర్ నుంచి, అమెరికాలో 2008 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం వరుస ఇట్లా ఉంటుంది: ముందు అక్కడి ప్రభుత్వం ఆ దంపతులను పరిశీలించి సరే అనాలి, ఇక్కడ కారా, అంటే కేంద్ర దత్తత సంస్థ, ఫైలు చూడాలి, పాప ఆ దేశంలోకి రావచ్చని ముందే అనుమతి రావాలి, దత్తత జరగాల్సింది ఆ తర్వాతే. మనవాళ్లు చివరిది మొదట చేశారు. అట్లా ముందే దత్తత పూర్తి చేసుకొని వెళ్తే అమెరికా దరఖాస్తు తిరస్కరణకు గురయ్యే ప్రమాదం ఉంది.

రక్త సంబంధీకులకు దారి లేకపోలేదు. 2015 నాటి బాలల న్యాయ చట్టంలో విదేశాల్లో ఉన్న బంధువుల దత్తతకు విడిగా సెక్షనే ఉంది. మేనత్త, మేనమామ, పినతండ్రి, పినతల్లి, తాత, అమ్మమ్మ, నాయనమ్మ దాని కిందికి వస్తారు. ఇంట్లో ఆడపిల్ల ఉంటే ఇంకో ఆడపిల్లను తీసుకోకూడదన్న షరతు అందులో లేదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగం వాళ్లు ఇంటికి వచ్చి నివేదిక రాస్తారు, కలెక్టర్ ఉత్తర్వు ఇస్తారు, అభ్యంతరం లేదని కారా ఎన్‌ఓసీ ఇస్తుంది. ఐదేళ్లు దాటిన పిల్లలైతే వాళ్ల సమ్మతి కూడా తీసుకోవాలి.

ఇక్కడ సంఘం చేసిన తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మనం జూన్‌లో పంచిన కరపత్రంలో "దత్తతకు కోర్టు ఉత్తర్వు తప్పనిసరి" అని వేశాం. 2022 సెప్టెంబర్ 1 నుంచి ఈ చట్టం కింద ఉత్తర్వు ఇచ్చేది కలెక్టరే. పాత పుస్తకం చూసి రాసింది నేనే. ఆ కరపత్రం నమ్మి ఒక సభ్యుడు హనుమకొండ కోర్టు మెట్లు మూడుసార్లు ఎక్కి దిగారు. ఆయన నన్ను ఏమీ అనలేదు, అందుకే ఇంకా చిన్నతనంగా ఉంది. మిగిలిన ప్రతులన్నీ తీసేశాం. మీ ఇళ్లలో ఉంటే చించేయండి.

పాప తండ్రిని, పాపను కూర్చోబెట్టి మాట్లాడిన రోజు నాకు బాగా గుర్తుంది. పాపకు ఏడేళ్లు, రెండో తరగతి. పెద్దవాళ్ల మాటలన్నీ విని, చివరికి నాయనమ్మ చెవిలో అడిగింది: "అక్కడికి పోతే అత్తమ్మను అమ్మ అని పిలవాల్నా? మరి అమ్మను ఏమని పిలవాలె?" ఎవరూ జవాబు చెప్పలేదు. సమ్మతి పత్రంలో ఆ ప్రశ్నకు గడి లేదు.

తండ్రికి తగిలింది వేరే చోట. కన్నవాళ్లు ఇద్దరూ బతికి ఉంటే, ఆ బిడ్డను సరిగా సాకగలిగే స్థితిలో వాళ్లు లేరని తేలితేనే ఈ దారిలో అమెరికా ఆ పిల్లను తీసుకుంటుంది. ఇది చెప్పగానే ఆయన కుర్చీలోంచి లేచారు. మొబైల్ షాపు నడుపుకునే మనిషి. "నా బిడ్డను నేను సాకలేనని రాసియ్యాల్నా?" అన్నారు. ఫైలు అక్కడే వదిలి వెళ్లిపోయారు.

ఈ కేసు తర్వాత మన దగ్గరకు ఇట్లాంటివే ఇంకొన్ని వచ్చాయి. ప్రతిచోటా వినబడ్డ మాట ఒకటే: "మనోళ్లే కదా, ఇన్ని కాగితాలెందుకు?" నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెప్తాను. మన ఇళ్లలో పిల్లల విషయంలో ఇబ్బంది తెచ్చేది ఎక్కువగా ఈ మాటే. బయటి దొంగ వస్తే మనం తలుపు వేసుకుంటాం. చుట్టం వస్తే కాగితం అడగడం మర్యాద కాదనుకుంటాం. దత్తత పోయిన పిల్లకు రేపు ఆస్తి, పౌరసత్వం, చివరికి వెనక్కి వచ్చే హక్కు కూడా ఆ కాగితం మీదే ఆధారపడతాయి.

పాత సంగతి ఒకటి

కొత్త సభ్యులకు ఇన్ని నియమాలు అతిగా అనిపిస్తున్నాయి. పాతవాళ్లకు 1999, 2001 గుర్తుండాలి. తండాల్లో పేద తల్లుల దగ్గర ఆడపిల్లలను కొద్దిపాటి డబ్బుకు తీసుకొని, దత్తత పేరిట విదేశాలకు పంపిన వ్యవహారం అప్పట్లో పేపర్లలో రోజుల తరబడి వచ్చింది. అది మన తెలంగాణ జిల్లాల కథే. అంతకుముందే, 1984లో, ఒక న్యాయవాది రాసిన ఉత్తరాన్ని పిటిషన్‌గా తీసుకొని సుప్రీంకోర్టు విదేశీ దత్తతలకు మార్గదర్శకాలు ఇచ్చింది. లక్ష్మీకాంత్ పాండే కేసు అంటారు. ముందు సొంత తల్లిదండ్రులు, కాకుంటే దేశంలో ఒక ఇల్లు, అదీ కుదరకుంటేనే విదేశం, ఈ వరుస అందులోనిదే. ఇప్పుడు కూడా దత్తతకు చట్టపరంగా సిద్ధమైన బిడ్డకు 60 రోజుల్లో ఇక్కడి వాళ్లో ప్రవాస భారతీయులో దొరక్కపోతేనే విదేశీయులకు అవకాశం వస్తుంది. వైకల్యం ఉన్న పిల్లలకు, అన్నదమ్ములు అక్కచెల్లెళ్లు కలిసి ఉన్న జట్లకు, ఐదేళ్లు దాటిన వాళ్లకు కొంత వెసులుబాటు ఉంది.

ఈ ఏడాది చైనా తన పిల్లలను విదేశీ దత్తతకు పంపడం ఆపేసింది. నెదర్లాండ్స్ మెల్లగా మూసేస్తానంది. మార్చిలో దక్షిణ కొరియా విచారణ కమిషన్ అయితే, దశాబ్దాల కిందటి దత్తతల్లో పిల్లల హక్కులు దెబ్బతిన్నాయని, అందులో ప్రభుత్వానికి బాధ్యత ఉందని తేల్చింది. మనం కూడా మూసేయాలని ఒక సభ్యుడు అన్నారు. నేను ఒప్పుకోను. శిశుగృహలో కాలు వంకర ఉన్న బిడ్డను ఇక్కడ ఎవరూ తీసుకోకపోతే ఎక్కడికి పోవాలి?

తండా నుంచి వచ్చిన ఫోను

నవంబర్‌లో మన సభ్యురాలు, రిటైరైన ఏఎన్ఎం, రాత్రి పదింటికి ఫోన్ చేశారు. ములుగు దాటి ఒక తండాలో పెళ్లికాని అమ్మాయికి కాన్పు దగ్గరపడింది. ఊళ్లో ఒక ఆర్ఎంపీ మధ్యలో ఉండి, పిల్లలు లేని పట్నం దంపతులకు బిడ్డను ఇప్పిస్తానని మాట ఇచ్చాడు. ఆసుపత్రిలో కాన్పు వాళ్ల పేరు మీదే రాయిస్తారట. నాలుగు రోజులు మా అందరికీ ఒకటే టెన్షన్. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశాం. ఏఎన్ఎం అక్క ఆ పిల్ల దగ్గరే కూర్చుంది.

ఆ అమ్మాయికి మేం చెప్పింది ఇంతే. సాకలేనని అనుకుంటే బిడ్డను బాలల సంక్షేమ కమిటీ ముందు అప్పగించవచ్చు, అది నేరం కాదు. అప్పగించాక మనసు మార్చుకోవడానికి రెండు నెలలు గడువు ఉంటుంది. మధ్యవర్తికి ఇస్తే ఆ రెండు నెలలు ఉండవు, బిడ్డ ఎక్కడుందో కూడా తెలియదు. పిల్లలను అమ్మినా కొన్నా ఐదేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల జరిమానా. ఆసుపత్రి వాళ్లు చేస్తే మూడు నుంచి ఏడేళ్లు. 2024 మేలో హైదరాబాద్ దగ్గరి మేడిపల్లిలో ఢిల్లీ, పుణె నుంచి తెచ్చి అమ్మిన పసిపిల్లల కేసు బయటపడినప్పుడు, డబ్బిచ్చి తెచ్చుకున్న తల్లులు పోలీస్ స్టేషన్ ముందు ఏడవడం టీవీలో చూశాం. వాళ్లకూ ఎవరో "ఏం కాదు" అనే చెప్పి ఉంటారు.

అమ్మాయి బిడ్డను కమిటీకి అప్పగించింది. నలభయ్యో రోజున వాళ్ల అమ్మను వెంటబెట్టుకొని వచ్చి మళ్లీ తీసుకెళ్లింది. బిడ్డను చుట్టుకోవడానికి పాత చీర తెచ్చింది. శిశుగృహ ఆయా కొత్త గుడ్డ ఇస్తానన్నా వద్దంది.

గల్ఫ్ ఇళ్లు

జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ బిస్కెట్ డబ్బా తెరిచి కాగితాలు టేబుల్ మీద పోసింది. కొడుకు 2024 వేసవిలో సౌదీలో గుండె ఆగి చనిపోయాడు. కోడలు అప్పులు తీర్చాలని ఒమన్‌లో ఇంటిపనికి పోయింది. ఆమెకు 27 ఏళ్లు. పదో తరగతి పాస్ కాని ఆడవాళ్లు ముప్పై నిండకుండా ఆ దేశాలకు పనికి పోవడానికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే దేశం దాటి పనికి పోయే అనుమతి, రాదు. అందుకని ఏజెంటు విజిట్ వీసా మీద పంపాడు. దాంతో బీమా లేదు, ఒప్పందం లేదు, విదేశాలకు పనికి పోయేవాళ్ల ప్రభుత్వ పోర్టల్ ఈ-మైగ్రేట్‌లో పేరే లేదు. ఇద్దరు పిల్లలు అవ్వ దగ్గర. పిల్లల మీద ఆమెకు హక్కు ఉందని చెప్పే ముక్క ఒక్కటి కూడా ఆ డబ్బాలో లేదు.

2024 సెప్టెంబర్ 16 జీవో ప్రకారం గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షల రూపాయలు, పిల్లలకు గురుకులాల్లో ప్రాధాన్యం ఉన్నాయి. రెండింటికీ దరఖాస్తు పెట్టించాం. కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద ఒక్కో బిడ్డకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ కోసమూ పెట్టాం. గ్రామాల్లో ఏడాదికి 72,000 లోపు ఆదాయం ఉండాలి, ఆదాయ పత్రం మీసేవలోనే రెండుసార్లు వెనక్కి వచ్చింది. ఇది రాసే నాటికి సొమ్ము రాలేదు. కోడలితో వాట్సాప్‌లో మాట్లాడి, పిల్లల బాధ్యత అత్తకు అప్పగిస్తున్నట్టు రాయబార కార్యాలయంలో అటెస్ట్ చేయించి పంపమన్నాం. సెలవు దొరకాలిగా అంది.

గల్ఫ్‌లో పుట్టిన పిల్లలున్న వాళ్లకు ఒక్క మాట: పుట్టిన ఏడాదిలోపు మన రాయబార కార్యాలయంలో నమోదు చేయించండి. అక్కడి ఆసుపత్రి కాగితం ఒక్కటే సరిపోదు.

అమెరికా వాళ్ల టెన్షన్ వేరు. జనవరి 20న అక్కడ కొత్త అధ్యక్షుడు పుట్టుకతో వచ్చే పౌరసత్వం మీద ఉత్తర్వు ఇవ్వగానే, ఫిబ్రవరి, మార్చిలో కాన్పులున్న ఇళ్ల నుంచి రోజూ ఫోన్లు. కోర్టులు ఆపాయని చెప్పడం తప్ప మనం చేయగలిగింది లేదు. అమ్మానాన్నల ఉద్యోగ వీసా మీద ఆధారపడే హెచ్-4 వీసాతో పెరిగి, 21 నిండి ఆ అర్హత పోతున్న పిల్లల విషయం మాత్రం వచ్చే ఏడాది ఒక సభ పెట్టి మాట్లాడాలి.

ఒక ఉత్తరం

పసిప్రాయంలో యూరప్‌కు దత్తత పోయిన ఒక యువతి, కన్నతల్లిని వెతికిపెట్టమని సంఘానికి రాసింది. ఫోటో, ఊరి పేరులో సగం పంపింది. వాట్సాప్ గ్రూపుల్లో పెడితే సాయంత్రానికి దొరుకుతుందని చాలామంది అన్నారు. కార్యవర్గం ఒప్పుకోలేదు. కొందరికి కోపం వచ్చింది, ఇద్దరు గ్రూపు వదిలేశారు. ఆ తల్లికి ఇప్పుడు వేరే సంసారం ఉండొచ్చు, భర్తకు తెలియకపోవచ్చు. వెతుక్కునే హక్కు ఆ బిడ్డకు ఉంది కానీ, మూడో మనిషి వెతకడానికి దత్తత నిబంధనలు ఒప్పుకోవు. కారాకే దరఖాస్తు పెట్టమని దారి చెప్పి, ఆమెకు తెలుగులో ఒకటి, ఇంగ్లిష్‌లో ఒకటి రెండు ఉత్తరాలు రాశాం. తెలుగుది చదవలేకపోయినా దాచుకున్నానని జవాబిచ్చింది.

ఇక టెక్సాస్ ఫైలు. మార్చి చివర్లో పాప తండ్రి షాపు మూసుకొని వచ్చి తన కాగితాలు అడిగి తీసుకున్నారు. స్టాంపు పేపరు మాత్రం మీ దగ్గరే ఉంచండి, ఇంకెవరికైనా చూపించడానికి పనికొస్తుందన్నారు. జూన్‌లో మేనత్త వస్తోందట. మూడో తరగతికి పాప బ్యాగు అక్కడి నుంచే తెస్తానందట.