కరిగిపోయే సరుకును జప్తు చేశారట!

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో, తోపుడు బండి మీద మంచు ఉండలు అమ్మిన పిల్లల గురించి 'కళ పేరుతో పిచ్చి చేష్టలు' అని వేసిన వార్త చదివాను. కోపం తగ్గాక రాద్దామని నాలుగు రోజులు ఆగాను. తగ్గలేదు.

ముందు ఒక తప్పు దిద్దుకోండి. మన తిరుపతి నాలుగుకాళ్ల మండపం దగ్గర ఆ పిల్లలు మంచు ఉండ ఒక్కోటి 500 రూపాయలకు అమ్మారని రాశారు. పెద్దది 50, నడిమిది 20, చిన్నది 10. నేను చిన్నది కొన్నాను కాబట్టి చెప్తున్నాను. తోపుడు బండి మీద చాప పరిచి, గీకిన ఐసును ఉండలు చేసి, సైజుల వారీగా వరసగా పేర్చారు. 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని ఒక అట్టముక్క. "ఏం నాయనా, తినేదానికా?" అంటే "కాదు సార్, షోకేసులో పెట్టుకునేదానికి" అన్నాడు ఒక పిల్లోడు, కొంచెం కూడా నవ్వకుండా. రుమాల్లో చుట్టుకుని బయల్దేరితే కృష్ణాపురం ఠాణా దాటేసరికి తడి రుమాలు మిగిలింది. పది రూపాయలకు ఇంత నవ్వు నాకు ఈ మధ్య దొరకలేదు.

'ఎక్కడా లేని వింత' అన్నారు. ఉందండీ. 1983 చలికాలంలో న్యూయార్క్‌లోని కూపర్ స్క్వేర్ దగ్గర, ఫుట్‌పాత్ వ్యాపారుల పక్కనే డేవిడ్ హామన్స్ అనే కళాకారుడు గుడ్డ పరిచి ఇలాగే మంచు ఉండలు అమ్మాడు. సైజును బట్టి రేటు. ఆ పిల్లలే ఆయన పేరు చెప్పారు, ఇంటికొచ్చి మనవరాలి ఫోన్లో చూశాను. మీ విలేకరి కూడా ఒక మాట అడిగి ఉంటే చెప్పేవాళ్లే.

2024 నవంబర్‌లో అరటిపండు వార్తను మాత్రం మొదటి పేజీలో ఫొటోతో సహా వేశారు. మౌరిజియో కటెలాన్ అనే కళాకారుడు టేపుతో గోడకు అంటించిన పండు న్యూయార్క్ వేలంలో 62 లక్షల డాలర్లు, మన లెక్కలో సుమారు 52 కోట్ల రూపాయలు పలికింది. కొన్నాయన హాంకాంగ్‌లో విలేకరుల ముందు దాన్ని ఒలుచుకుని తినేశాడు. వేలానికి పెట్టిన పండును బండి మీద ముసలాయన అమ్మింది 35 సెంట్లకు. కోట్లు పలికితే కళ, పది రూపాయలైతే పిచ్చి చేష్ట! లండన్ వేలంలో 2018లో బ్యాంక్సీ అనే కళాకారుడి బొమ్మ, ఆయన ఫ్రేములో దాచిన యంత్రంతో సగం చీలికలై కిందికి జారింది. వేలంపాటనే వెక్కిరించిన ఆ బొమ్మను 2021లో అదే వేలంపాట కోటీ 85 లక్షల పౌండ్లకు పైగా అమ్ముకుంది. మన పిల్లల ఐసును అలా మళ్లీ అమ్ముకోవడం ఎవరి తరమూ కాదు. నాకు నచ్చింది అదే.

ఇక అధికారుల సంగతి. లైసెన్సు లేదని సిబ్బంది వచ్చి బండి లాక్కుపోయారు. చీటీ కూడా రాశారు: 'మంచు ఉండలు 11'. ఆఫీసుకు చేరాక ఎన్ని ఉన్నాయో లెక్క చూసుకున్నారా?

గంగమ్మ జాతర ముగిసి వారం కాలేదు. ఒంటికి కుంకుమ పూసుకుని బండ వేషం కట్టినవాడు నడిరోడ్డు మీద పెద్దా చిన్నా చూడకుండా బూతులు తిడతాడు, మనం మొక్కు అని నవ్వుకుంటాం. బైరాగి, తోటి, దొర, మాతంగి అని రోజుకో వేషం చూసి పెరిగిన ఊరు ఇది. లైసెన్సు అడిగిన మగాడు ఒక్కడైనా ఉన్నాడా?

లైసెన్సుల మీద అంత పట్టింపు ఉంటే పని నేను చూపిస్తాను. నేను డ్రాయింగ్ మాస్టారుగా ఉన్నప్పుడు పిల్లల్ని కలంకారీ చూపించడానికి శ్రీకాళహస్తికి తీసుకెళ్లేవాణ్ణి. గుడ్డను కరక్కాయ, పాలల్లో నానబెట్టి, బెల్లం నీళ్లలో ఇనుప తుక్కు పులియబెట్టిన కసిమి అనే నల్ల సిరాతో కలం పట్టి గీస్తారు. పటిక, ఉడకబెట్టడం, పారే నీళ్లలో ఉతకడం, మళ్లీ రంగు. ఒక్క గుడ్డకు వారాలు పడుతుంది. ఈ రోజు మన బజార్లలో మిషన్ మీద అచ్చేసిన చీరను 'ఒరిజినల్ కలంకారీ' అని యాత్రికులకు అంటగడుతున్నారు. పుట్టిన ఊరి పేరుతో ఇచ్చే జీఐ గుర్తింపు ఉన్న కళ అది. దాని మీద ఒక్క చీటీ రాసిన పాపాన పోలేదు.

అయినా అధికారుల్ని అని ఏం లాభం? నా సర్వీసు చివర్లో డ్రాయింగ్ పీరియడ్ ఎత్తేసి లెక్కలకు ఇచ్చారు. నన్ను పరీక్ష పేపర్లు లెక్కపెట్టడానికి కూర్చోబెట్టారు. అలాంటి బళ్లలో చదివిన పిల్లలు ఇంత ఆలోచన చేశారంటే నాకు ఆశ్చర్యమే.

ఆ తోపుడు బండి బాడుగదట. రోజుకు ఇంతని అద్దె పెరుగుతూనే ఉంది. ఐసు ఎలాగూ కరిగిపోయింది, కనీసం బండైనా వాపసు ఇవ్వమని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. మంచు ఉండ ధర తప్పు పడిందని సవరణ కూడా వేయండి.

— ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు, తిరుపతి