ముందు అడగండి, తర్వాత కోడ్ పంపండి

సంపాదకుల వారికి,

కోడ్ అందరికీ కనిపించే, ఎవరైనా మార్పులు పంపగలిగే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు కోడ్ పంపితే ఉద్యోగాలకు పనికొస్తుందని ఈమధ్య మీ విద్యా పేజీలో రాశారు. నిజమే. ఎలా పంపాలో మాత్రం రాయలేదు. భీమవరం వైపు ఇంజినీరింగ్ పిల్లలు నన్ను అడిగేది ఒకటే: "సార్, నెలకి ఎన్ని పుల్ రిక్వెస్టులు పెడితే రెజ్యూమెలో బాగుంటుంది?" పుల్ రిక్వెస్టు అంటే "నా మార్పు కలుపుకోండి" అని ప్రాజెక్టుకు పంపే అభ్యర్థన.

నేను పాలకొల్లులో ఎరువుల కొట్లకు, రైస్ మిల్లులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తాను. రెండేళ్ల కిందట ఒక కొట్టు బిల్లు మీద ఊరి పేరు "పాలకొల్" అని పడింది. చిన్న ప్రింటర్‌లో చోటు చాలక, నేను వాడే లైబ్రరీ (వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) ఊరి పేరును కత్తిరించింది, అదీ సరిగ్గా ఒత్తు దగ్గర. కొట్టు యజమాని నవ్వాడు, నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

ఆ లైబ్రరీ ఓపెన్ సోర్స్. నేనే బాగుచేస్తానని ఎవరినీ అడక్కుండా మూడు వారాలు కూర్చుని, తెలుగు అక్షరాలు విడదీసే కోడ్ మొత్తం సొంతంగా రాసి పంపేశాను. 32 ఫైళ్లు మారాయి. సగానికి పైగా మార్పులు నా ఎడిటర్ తనంతట తాను సర్దిన ఖాళీలే! కోడ్ సరిగ్గా నడుస్తోందో లేదో చూసే టెస్టులు ఫెయిలయ్యాయి. ఆ లైబ్రరీని చూసుకునే మెయింటెయినర్ రెండు ముక్కల్లో "ఇది ఏ సమస్యకు?" అని అడిగి నా రిక్వెస్టు మూసేశాడు. వారం రోజులు తిట్టుకున్నాను. ఆయనకు జీతం లేదు, ఉద్యోగం అయ్యాక రాత్రిపూట చూస్తాడన్న సంగతి అప్పటికి నాకు తట్టనే లేదు.

కోపం దిగాక బిల్లు ఫొటో పెట్టి ఇష్యూ (సమస్యను చెప్పే పోస్టు) తెరిచాను. "ఎలా సరిచేస్తే మీకు ఇబ్బంది లేదు?" అని అడిగాను. రెండు రోజుల్లో జవాబొచ్చింది. కంప్యూటర్లలో అక్షరాలకు ప్రమాణమైన యూనికోడ్‌లో, 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌లో, తెలుగు ఒత్తుల్ని విడగొట్టకూడదన్న నియమం చేరిందట. లైబ్రరీ ఇంకా ఆ నియమాల పాత పట్టికే వాడుతోంది. పట్టిక మార్చాను, "స్త్రీ", "పాలకొల్లు" అని రెండు టెస్టులు రాశాను. మార్పుతో పాటు రాసే కమిట్ మెసేజ్‌లో ఏం మార్చానో కాదు, ఎందుకు మార్చానో రాయమన్నాడు మెయింటెయినర్. పట్టిక పక్కన పెడితే నేను చేత్తో రాసింది పదకొండు లైన్లు. ఆ వారమే కలుపుకున్నారు.

ముందు అడగడం మన డెల్టా రైతుకి కొత్త కాదు. కింది ఆయకట్టు వాళ్లకు చెప్పకుండా కాలువ గట్టుకు గండి పెడితే ఊరుకుంటారా?

2020లో హ్యాక్టోబర్‌ఫెస్ట్ (అక్టోబరులో పుల్ రిక్వెస్టులు పంపితే టీషర్టు ఇచ్చే కార్యక్రమం) టీషర్టు కోసం రీడ్‌మీలో, అంటే ప్రాజెక్టు పరిచయ ఫైల్లో, ఒక మాట మార్చి పంపినవాళ్లు ఎందరో. ఆ చెత్త భరించలేక, పాల్గొనడానికి ఒప్పుకున్న ప్రాజెక్టులకు పంపినవే లెక్కపెడతామని నిర్వాహకులు రూలు మార్చాల్సి వచ్చింది. మన పిల్లలకు ఆ దారి అలవాటు చేయొద్దు. ఇష్యూలు చదవడం, ఒక రిక్వెస్టులో ఒక్క మార్పే పంపడం, రివ్యూలో వచ్చిన మాటకు చిన్నబుచ్చుకోకుండా జవాబివ్వడం కాలేజీల్లో నేర్పించాలి. పుల్ రిక్వెస్టులు లెక్కపెట్టి మార్కులు వేయడం మానాలి.

మూసేసిన నా 32 ఫైళ్ల రిక్వెస్టు ఇంకా అక్కడే ఉంది. ఏ కాలేజీ పిలిచినా వెళ్లి తెరమీద చూపిస్తాను. సిగ్గేం లేదు.

ఇట్లు,
ఒక ప్రోగ్రామర్, పాలకొల్లు